కొత్వాలుగారి పదవీ విరమణము

(పాతబస్తీలో నొక గ్రంథాలయ సభయందు చేసిన యుపన్యాసము)



మొన్న మన పేటలో నొక పోలీసు అధికారికి పదవీ విరమణసభ జరిగినది. శాలువలు కప్పిరి, గజమాల వేసిరి. వక్తలెల్లరును "ఇట్టివారు మరల రారు" అని కొనియాడిరి. వెనుక వరుసలో గూర్చుండి యా మాట నేను నాలుగుమారులు వింటిని. విన్న ప్రతిసారియు నాకు సంతోషమునకు మారు దిగులే కలిగినది. ఇట్టివారు మరల రాకున్నచో, రేపా కుర్చీలో గూర్చుండువాని చేత మన బ్రదుకేమగును? అధికారి వెడలిన పిమ్మట ఆతని మంచితనములో మనకు మిగులున దెంత? ఈ ప్రశ్నకై మిమ్ము తొంబదియేండ్లు వెనుకకు గొనిపోయెదను.

1934లో ఈ నగర కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారు పదవి విడిచిరి. వనపర్తి ప్రాంతమందలి రాయణిపేటలో 1869లో బుట్టి, చిన్న యుద్యోగమున పోలీసు నౌకరీలో జేరి, మెట్టుమెట్టుగా నెక్కి, 1920లో కొత్వాలీ నందుకొనిరి. ఆసఫ్‌జాహీల యేలుబడిలో నా పదవి నొక హిందువు పొందుట అదియే ప్రథమము. పదునాలుగేండ్లు దానిని నిర్వహించిరి. ఖిలాఫతు, సహాయ నిరాకరణముల గాలి యీ నగర ప్రాకారము లోపలికిని వీచిన కాలమది. 1922లో వేల్సు యువరాజు విచ్చేసినప్పుడు కాపుదల భారమును ఆయన కాలముననే పడినది.

నేటి యువకులకు కొత్వాలన నేమో తెలియదు. జిల్లాల పోలీసు వేరు, నగర పోలీసు వేరు. నగరమునకు కొత్వాలే సర్వము. ఆయన నేరుగా ప్రభువునకు విన్నవించుకొనును. ప్రభువు తప్ప ఆయనను ప్రశ్నించువాడు లేడు. ప్రజలెన్నుకొన్న శాసనసభ లేదు. ముందుగా సెలవు పుచ్చుకొననిదే సభ జరుపుకొనరాదని శాసించిన గస్తీ నిషాన్ 53 ఆ యేండ్లదే. మొగమోట మేల? రెడ్డిగారు తమ యేలికకు నమ్మినబంటు. పదవి విడిచిన పిదపను నిజాము వారిని వదలక, తన సొంత భూముల శాఖయైన సర్ఫెఖాసునకు స్పెషలాఫీసరుగా నియమించెను.

అయినను ఆ మనుష్యునిలో మరియొక పార్శ్వము గలదు. కొత్వాలు కాకమునుపే, 1918లో, రెడ్డి హాస్టలు స్థాపించిరి. అది కులము పేర వెలసిన సంస్థ. ఆ మాట దాచవలసిన పనిలేదు. కాని పల్లెలనుండి చదువునకై వచ్చిన తెలుగు బాలునకు ఈ నగరమున తలదాచుకొన చోటు దొరకుట కష్టమైన దినము లవి. ఆ హాస్టలునకు కార్యదర్శిగా నుండిన వకీలు సురవరం ప్రతాపరెడ్డిగారే 1926లో గోలకొండ పత్రికను వెలువరించిరి. 1930లో జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభ కధ్యక్షులైరి. కొత్వాలుగారి హాస్టలునకు కార్యదర్శి, కొత్వాలుగారి సర్కారునకు కంటిలో నలుసు! ఆ సంగతి కొత్వాలుగారికి దెలియదని నేను నమ్మజాలను. 1953లో వారు గతించిరి. మరుసటి యేడు నారాయణగూడలో బాలికలకు వారి పేర కళాశాల వెలసినది. నేడు రాష్ట్ర పోలీసు శిక్షణాలయము సయితము వారి పేరనే యున్నది.

ఇక వకీలుగా నా ఫిర్యాదు వినుడు. కొత్వాలీలో వారు చూపిన దయ యంతయు వారి గుండెలో నుండెనే గాని యే శాసనమునను లేదు. వారు వెడలిన కొన్ని యేండ్లకు వచ్చినది 1348 ఫసలీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టము. కొత్వాలు పోయెను, నిజాము పోయెను, ఫసలీ లెక్కయు పోయెను. ఆ చట్టము మాత్రము పోలేదు. నేటికిని మన వీధిలో ఊరేగింపు కదలవలెనన్న దానిక్రిందనే సెలవు వేడుకొనవలెను. పురానీ హవేలీలో చాలకాలము నగర పోలీసు కమిషనరు కచేరీ యుండెను. మేము వాదించు సివిలు కోర్టును ఆ ప్రాంతముననే. ఆ దారిని బోవునప్పుడెల్ల నాకీ ఫసలీ చట్టము జ్ఞప్తికి వచ్చును.

2011 మార్చి 10న టాంకుబండుపై మిలియను మార్చి నాడు నేను వాలంటీరుగా బయలుదేరితిని. మూసీ వంతెన దాటకమునుపే పట్టుకొని యొక ఠాణాలో గూర్చుండబెట్టిరి. అచటి యధికారి మంచివాడు. చాయ్ తెప్పించెను. మా యమ్మకు ఫోను చేయనిచ్చెను. ఎవరిని కొట్టనీయలేదు. చీకటి పడినపిదప వదలిపెట్టెను. కాని స్టేషను డైరీలో నా పేరు వ్రాయలేదు. ఆ దినమున నేనచట లేనే లేనట్లు! ఆ సాయంకాలము నాకేమేని సంభవించియున్నచో, నేనచట నుంటినని సాక్ష్యము చెప్పుటకు ఖాళీ చాయ్ కప్పు తప్ప మరేమున్నది? కారణము చెప్పక పట్టియుంచరాదని, వకీలును కలియనీయవలెనని రాజ్యాంగము 22వ అధికరణము ఘోషించుచున్నది. అరెస్టు చేసిన వేళను కాగితముపై నెక్కించి సాక్షిచేత వ్రాలు చేయింపవలెనని, బంధువునకు తెలుపవలెనని 1996లో డి.కె. బసు కేసున సుప్రీము కోర్టు విధించినది. ఇవి చాయ్ వంటి మర్యాదలు కావు. అధికారికి మనస్సున్నను లేకున్నను చేయవలసిన పనులు.

విరమించిన మరియొక పోలీసు అధిపతిని గూడ తలంచుకొనుడు. ఉత్తరప్రదేశమునను, అస్సామునను పోలీసు శాఖ నేలి, సరిహద్దు భద్రతాదళమునకు నాయకత్వము వహించిన ప్రకాశ్ సింగుగారు, యూనిఫారము విడిచిన పిదప 1996లో సుప్రీము కోర్టు మెట్లెక్కిరి. పోలీసులు మంత్రుల చేతి కర్రలు కారాదనియే వారి మొర. పదేండ్లు గడిచి 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చినది. రాష్ట్ర పోలీసు అధిపతికి రెండేండ్ల కనీస గడువు, నేరపరిశోధనకు వేరు సిబ్బంది, పోలీసులపై ఫిర్యాదు వినుటకు ప్రత్యేక ప్రాధికారము నుండవలెనని కోర్టు ఆజ్ఞాపించినది. ఆ యాజ్ఞను తప్పించుకొనుటకు ప్రభుత్వములు వెదకిన దారులను లెక్కించుట నా తరము కాదు. కాని కుర్చీ దిగిన పిమ్మట కుర్చీనే సరిచేయబూనిన యా వృద్ధుని శ్రమకు నేను జోహారు చేయుచున్నాను.

మొన్నటి సభ ముగిసినపిదప సన్మానితుడు పూలదండలతోనే నా కడకు వచ్చి, "వకీలు సాబ్, ఆనాటి చాయ్ యాదున్నదా?" అని నవ్వెను. ఔను, ఆ యధికారి యీయనే. "చాయ్ యాదున్నది, వ్రాయని డైరీయు యాదున్నది" అంటిని. ఆయన నవ్వు మాని యించుకసేపు దండ సవరించుకొనుచు నిలిచెను. పిమ్మట గొంతు తగ్గించి, తన పింఛను కాగితములు ఒక కచేరీలో నిలిచిపోయినవని, ఎన్నిమారులు తిరిగినను అర్జీ ముట్టినట్లు రసీదైన నిచ్చుట లేదని, సోమవారము నా యొద్దకు రావచ్చునా యని యడిగెను.

రమ్మంటిని. అర్జీ నకలు వెంట దెమ్మని చెప్పితిని.