ఆ ముగ్గురమ్మాయిలూ ఏమయ్యారు?



పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. సినిమాల విషయంలో యీ సామెత నూటికి నూరుపాళ్లూ నిజం. వంకాయకూర ఎలా వుందని పంక్తిలో నలుగుర్ని అడిగితే కనీసం ఇద్దరైనా ఒక మాటమీద నిలబడతారు. సినిమా చూసివచ్చిన నలుగుర్ని అడగండి, నాలుగు వేరువేరు సినిమాలు చూసి వచ్చినట్టు మాట్లాడతారు. అందులోనూ అది పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లల కథ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ వయసు దాటివచ్చిన వాళ్లకీ, ఆ వయసులో వున్నవాళ్లకీ, ఆ వయసు పిల్లల్ని పెంచుతున్నవాళ్లకీ కూడా అది సొంత విషయమే మరి. 2007లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ వచ్చినప్పుడు కాలేజీ రోజులు కళ్లకు కట్టాయని మురిసిపోయినవాళ్లూ వున్నారు, చదువుకోమని పంపితే చేసే పనులు ఇవా అని నొసలు చిట్లించినవాళ్లూ వున్నారు.

ఇవాళ నేను చెప్పబోయేది అలాంటిదే ఒక అమెరికా చిత్రం గురించి. దాని పేరు ‘అమెరికన్ గ్రఫీటీ’. గ్రఫీటీ అంటే గోడలమీద రాసిపోయే రాతలు. మన పిల్లలు క్లాసు బెంచీలమీద బ్లేడుతో పేర్లు చెక్కిపోతారు చూడండి, అలాంటివన్నమాట. 1973లో విడుదలైన యీ చిత్రానికి దర్శకుడు జార్జి లూకస్. తరువాత 1977లో ‘స్టార్ వార్స్’ తీసి లోకమంతా పేరు తెచ్చుకున్నది ఆయనే. లూకస్ పెరిగిన వూరు కాలిఫోర్నియాలోని మొడెస్టో. ఆ వూళ్లో 1962 వేసవి చివర ఒక్క రాత్రి జరిగిన సంగతులే యీ చిత్రం.

కథ చిన్నదే. హైస్కూలు పూర్తిచేసిన కర్ట్, స్టీవ్ అనే ఇద్దరు మిత్రులు తెల్లవారితే పైచదువుకి దూరప్రాంతం వెళ్లాలి. కర్ట్ చెల్లెలు లోరీ. ఈమెకూ స్టీవ్‌కూ స్నేహం. వీళ్లకు తోడు కార్ల పందేల మోజున్న జాన్, కళ్లజోడు పెట్టుకుని ఎవరి లెక్కలోకీ రాని టెర్రీ. రాత్రంతా వూళ్లో కార్లు వేసుకుని తిరుగుతారు. టెర్రీ కారెక్కిన డెబ్బీ అనే అమ్మాయి, జాన్ కారులో బలవంతాన వచ్చిపడిన కేరల్ అనే చిన్నపిల్ల కథలో కలుస్తారు. తెల్లవారేసరికి వెళ్లాలా వద్దా అని వూగిసలాడిన కర్ట్ విమానం ఎక్కుతాడు. వెళ్లితీరాలన్న స్టీవ్ మాత్రం లోరీ కోసం ఆగిపోతాడు.

ఈ చిత్రంలో నన్ను మొదట ఆకట్టుకున్నది రేడియో. రేడియోలో మాట్లాడే మనిషిని కనుక పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు. 40కి పైగా పాత పాటలున్నాయి.  చాలావరకూ కార్లలోని రేడియోల్లోంచి వస్తూనే వుంటాయి. ఆ పాటలు వేసే ఊల్ఫ్‌మన్ జాక్ నిజజీవితంలోనూ రేడియోలో పాటలు వేసినవాడే, చిత్రంలో తన పాత్ర తానే ధరించాడు. ఎవరి కారులో వాళ్లున్నా, ఎవరి దిగులు వాళ్లదైనా, వూరంతా వినేది ఒకే గొంతు. ఒకప్పుడు మన వీధుల్లో ఒక ఇంట్లో మొదలైన వివిధభారతి పాట నాలుగిళ్లు దాటేవరకూ వినిపిస్తూనే వుండేదే, అలాగ!

ఇక అభిప్రాయభేదాల సంగతి. అవి విడుదలకు ముందే మొదలయ్యాయి. 1973 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రేక్షకులకు చూపిస్తే హాలంతా హర్షధ్వానాలు. పంపిణీ చేయవలసిన యూనివర్సల్ కంపెనీ అధికారి మాత్రం ఇది విడుదలకే పనికిరాదన్నాడు. నిర్మాత ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలాకు వొళ్లు మండి, మీకక్కర్లేకపోతే నేనే కొనుక్కుంటానన్నాడట. 8 లక్షల డాలర్లలోపు ఖర్చుతో తీసిన ఆ చిత్రం కోట్లు కురిపించింది. ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు ఆస్కార్లకు పోటీలో నిలిచింది, ఒక్కటీ రాలేదనుకోండి.

మొన్న మా ఇంట్లో అందరం కూచుని, కింద పడే అక్షరాలు చదువుకుంటూ యీ చిత్రం చూశాం. మావారి అక్కగారు సగంలోనే, “ఇందులో కథేదమ్మా? రాత్రల్లా కార్లేసుకుని తిరగడమేగా!” అన్నారు. మావారికి తన ఇంటర్మీడియెట్ స్నేహితులంతా గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. మా అబ్బాయికి కార్లు నచ్చాయి. అన్నీ న్యాయమైన అభిప్రాయాలే. నిజానికి 1962కీ 1973కీ మధ్య పదకొండేళ్లే. అంత తక్కువ కాలానికే ఇంత బెంగ ఏమిటనిపిస్తుంది. కానీ ఆ మధ్యలో, 1963లో, వాళ్ల అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగింది. వియత్నాం యుద్ధానికి వేలాది కుర్రాళ్లు వెళ్లి తిరిగి రాలేదు. ఆ రాత్రి కార్లలో తిరిగిన పిల్లలకు ఇదేదీ తెలియదు, చూసే ప్రేక్షకులకు తెలుసు. చిత్రంలోని తీపి, చేదు రెండూ అక్కడే వున్నాయి.

చివర్న నలుగురు అబ్బాయిల ఫోటోలూ వేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యం రాశారు. జాన్ 1964 డిసెంబరులో తాగి నడిపినవాడి కారు గుద్ది చనిపోయాడు. టెర్రీ 1965 డిసెంబరులో వియత్నాంలో ఆచూకీ లేకుండా పోయాడు. స్టీవ్ మొడెస్టోలోనే ఇన్సూరెన్సు ఏజెంటయ్యాడు. కర్ట్ రచయితగా కెనడాలో వుంటున్నాడు.

అంతే, చిత్రం అయిపోయింది. అందరం బరువుగా నిట్టూర్చాం. అప్పుడు మా అమ్మాయి, “అమ్మా, మరి ఆ ముగ్గురమ్మాయిలూ ఏమయ్యారు?” అంది.

ఈ ప్రశ్న వేసిన మొదటి మనిషి మా అమ్మాయి కాదు. చిత్రం విడుదలైన ఏడే, పాలీన్ కేల్ అనే ప్రసిద్ధ విమర్శకురాలు అమెరికా పత్రికలో దీన్నే ఎత్తి చూపింది. స్క్రిప్టు రాసిన ముగ్గురిలో ఒకరైన విలార్డ్ హైక్ కూడా అమ్మాయిల సంగతి చెప్పరేమని ముందే ఆశ్చర్యపోయాడట. ఇంకో అట్ట వేయాల్సి వస్తుంది, ముగింపు సాగుతుంది అన్నది లూకస్ సమాధానం. చూశారా, నలుగురికి చోటు దొరికింది, ఇంకో ముగ్గురికి దొరకలేదు! ఆ స్క్రిప్టులో గ్లోరియా కట్జ్ అనే స్త్రీ చెయ్యి వుంది. ఎడిటింగు చేసిన మార్షియా లూకస్, వెర్నా ఫీల్డ్స్ ఇద్దరూ స్త్రీలే. నటీనటుల్లో ఆస్కారు పోటీదాకా వెళ్లింది ఒక్కరే, డెబ్బీ వేషం వేసిన కాండీ క్లార్క్.

లోరీ గురించి మా ఇంట్లో పెద్ద వాదమే జరిగింది. “ఏడ్చి మొత్తుకుని కుర్రాడి చదువు చెడగొట్టింది,” అన్నారు మా వదినగారు. “అత్తయ్యా, అతని చదువు సంగతి సరే, ఆమె ఏం చదువుదామనుకుందో రెండు గంటల్లో ఒక్కరైనా అడిగారా?” అంది మా అమ్మాయి. వదినగారు కాసేపు వూరుకుని, “అవునే, అడగలేదు,” అన్నారు. పెద్దావిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకే వింత.

ఆ కాలం అలాంటిది, వున్నది వున్నట్టు చూపించారు అనేవాళ్లున్నారు. ఆ మాటలోనూ కొంత నిజముంది. కానీ ఆ రాత్రంతా ఆ ముగ్గురు పిల్లల్నీ ఎంతో జీవంతో చూపించారు. కేరల్ నోటికి జాన్ అంతవాడే జవాబు చెప్పలేకపోతాడు. అంత బాగా తెలిసిన పిల్లల్ని తెల్లారగానే మరిచిపోవడమే నాకు కష్టమనిపించింది. 1979లో ‘మోర్ అమెరికన్ గ్రఫీటీ’ అని దీనికి రెండో భాగం వచ్చింది. అందులో లోరీకి పెళ్లయింది, పిల్లలున్నారు, ఉద్యోగం చేస్తానంటుంది, మొగుడు కాదంటాడు. మొదటి భాగాన్ని తలుచుకున్నట్టు దీన్ని ఎవరూ తలుచుకోరు.

ఇది అమెరికా సంగతే అనుకోకండి. మీ టెన్తు క్లాసు గ్రూపుఫోటో వుంటే బయటికి తీయండి. వీడు బ్యాంకులో, వాడు దుబాయిలో, వీడు పాపం యాక్సిడెంటులో పోయాడు అని అబ్బాయిల గురించి వాక్యాలు వస్తాయి. అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి, “పెళ్లయి వెళ్లిపోయింది” అంటాం. అక్కడితో ఆగిపోతాం. మనమూ ఆడవాళ్లమే, అయినా మనమే అలా అంటాం. లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్ల ఏం చేస్తోంది? బాగా పాడే పిల్ల ఇంకా పాడుతోందా? పెళ్లి అనేది ఒక వార్త అవుతుంది కాని, మనిషి కథకు ముగింపు అవుతుందా?

వీలైతే యీ చిత్రం చూడండి. తాగుడు, సిగరెట్లు, పెంకె మాటలు వున్నాయి కనుక ముందు మీరు చూసి, తరువాత ఎదిగిన పిల్లల్ని పక్కన కూచోబెట్టుకోండి. మధ్యలో నీతులు చెప్పకండి. అభిప్రాయాలు ఎన్ని రకాలుగా వస్తే అంత మంచిది, అందరి మాటా వినండి. అయిపోయాక ఆ పాత ఫోటోలోంచి ఒక్క స్నేహితురాలి చిరునామా అయినా వెతికి పట్టుకోండి. ఎంతమంది పిల్లలు అని అడిగేముందు, నువ్వెలా వున్నావు, ఏం చేస్తున్నావు అని అడగండి. ఆమె చెప్పడానికి చాలా వుంటుంది.

సెలవు.