పాత మంగలకత్తికి క్రొత్త పదును



1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1902లో తూర్పుకోస్తా మార్గపు ఉత్తరభాగమును తన యధీనము చేసికొనెను. 1931 నాటికి విజయనగరము నుండి రాయపూరునకు తిన్నని దారి యేర్పడినది. ఆ మార్గములవెంట కొలువునకై వచ్చి బిలాస్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. వారి ట్రంకుపెట్టెల అడుగున పంచాంగములతోను, పాత రసీదులతోను పాటు ఒక్కొక్కప్పుడు గుడ్డలో చుట్టిన మంగలకత్తి కనబడుట కలదు. ఈ యూరి బజారులో దానినే ఉస్తరా అందురు. తుప్పుపట్టిన అట్టి కత్తిని మొదటిసారిగా బాగుచేయబూనువాడు తెలిసికొనవలసిన విషయములే నేటి ప్రసంగమునకు వస్తువు.

మొట్టమొదట చేయవలసిన పని కత్తిని రుద్దుట కాదు, చూచుట. పిడిలో దాగు తోకమీద చేసినవారి గుర్తుండును. ఇంగ్లండునందలి షెఫీల్డు, జర్మనీయందలి జోలింగెను ఈ పనికి ప్రసిద్ధికెక్కిన పట్టణములు. ఈ ఉక్కుకథలో తెలుగుదేశమునకును పాలున్నది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలయందు కాచిన ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారు. మన ‘ఉక్కు’ అను మాటకు చుట్టమైన ‘వూట్జ్’ అను పేరుతో ఇట్టి దేశీయపు ఉక్కు ఐరోపాకు చేరెను. లండనులో కత్తులుచేయు జేమ్స్ స్టోడార్టు క్షురకత్తులకు దానినే మేలైనదిగా నెంచెను. మైకేల్ ఫారడే ఆయనతో కలసి ఉక్కు మిశ్రమములపై జరిపిన పరిశోధన 1820లో వెలువడినది.

గుర్తును చూచిన పిమ్మట భూతద్దముతో వాదరను పరీక్షింపవలయును. వెండ్రుకవాసి పగులున్నను ఆ కత్తి ముఖముపై పెట్టదగినది కాదు. దానిని జ్ఞాపకముగా దాచుకొనుట మేలు. పిడిచెక్కలను కూడ గమనింపవలెను. కొమ్ముచెక్కలైనచో నూనె పట్టించిన చాలును. సెల్యులాయిడువైనచో ప్రమాదము వేరు. అది కుళ్లిన కొలది ఆమ్లపు ఆవిరి విడిచి, తాను కాపాడవలసిన కత్తినే తినివేయును. నిప్పు సోకిన భగ్గున మండును.

ఇక తుప్పు. అర్పానదీ తీరపు వానకాలమున నాలుగు నెలలు గాలిలోని చెమ్మ ఇనుమును విడువదు. ఎఱ్ఱని తుప్పు పైపైని ఉండును. కుట్టుమిషను నూనెలో నాననిచ్చి, మెత్తని గరుకుకాగితముతో మెల్లగా తీయవచ్చును. కాగితమును వెన్నునుండి వాదరవైపునకు నడుపవలయునే కాని వాదర పొడవున నడుపరాదు. అట్లు చేసిన తెగునది చేయి. నల్లని మచ్చలు చాలవరకు నిశ్చలమైనవి. వాటిని పూర్తిగా పోగొట్టవలెనన్న చుట్టునున్న మంచి ఉక్కును గూడ అరుగదీయవలసి వచ్చును. తుప్పును తీయవచ్చును గాని తీసిన ఉక్కును తిరిగి పెట్టజాలము. ఈ పనికి మూలసూత్రమిదియే.

రైల్వే పనివారికి ఇచ్చట ఒక ఆకర్షణ కలదు. వర్కుషాపు మెరుగుచక్రము చేతికందుబాటులో నుండును. క్షణములో కత్తి అద్దమువలె తళతళలాడును. కాని కత్తికి కాఠిన్యము సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో చేసిన పాకమువలన నిలిచియున్నది. కాగితమువంటి వాదర చక్రముపై నిమిషములోపలనే అంతకుమించి వేడెక్కును. 300 డిగ్రీలు సమీపించినప్పుడు ఉక్కుపై నీలిరంగు దేరును. ఆ నీలిమ చూచుటకు సొంపైనను, పదును నిలువదనుటకు అదియే సాక్ష్యము.

ఈ కత్తి నిర్మాణములో మరియొక రహస్యము కలదు. నూరునప్పుడు వెన్నును, వాదరను రెంటిని ఒకేసారి రాతికి ఆనింతురు. కాబట్టి కోణమును నిర్ణయించునది నూరువాని చేయి కాదు, వెన్ను దళసరి. తుప్పుమచ్చలకై వెన్ను నొకవైపున ఎక్కువగా అరుగదీసినచో కోణమే చెడును. రైలుచక్రము అంచు అరిగినపుడు లేతుపై దానిని సరిచేయుదురు. కాని నిర్ణీతమైన హద్దు దాటిన చక్రమును బండికింద ఉంచరు. ఆ హద్దును ఎఱిగినవారికి ఈ కత్తి మర్యాద సులభముగా బోధపడును.

నూరుట తడిరాతిపై చేయవలెను. వేయి అంకెగల రాయి వాదరకు వాలు నేర్పరచును. నాలుగువేలు, ఎనిమిదివేలు అంకెల రాళ్లు దానిని నునుపుచేయును. రాతిపై వాదర ముందు, వెన్ను వెనుక నడువవలెను. పిదప తోలుపట్టాపై వెన్ను ముందు, వాదర వెనుక. ఈ వరుస తప్పినచో పట్టా తెగును, పదును పోవును. చేతిబరువు తగ్గిన కొలది పని చక్కబడును. సుశ్రుతసంహిత సూత్రస్థానమున శస్త్రములకు పదునుపెట్టుటకు మినుమువన్నె గల నున్నని రాయియు, ఆ పదును నిలుపుటకు బూరుగుచెక్కయు చెప్పబడినవి. శస్త్రము రోమమును తెగగోయగలిగి యుండవలెనని అందు పరీక్ష. నేటికిని నూరినవారు వ్రేలాడు వెండ్రుకతోనే కత్తిని పరీక్షింతురు.

బాగుపడిన కత్తి ఒక్కని వాడుకకే. ఒకరి రక్తము సోకిన వాదర మరియొకరికి కామెర్ల వ్యాధిని, ఎయిడ్స్ క్రిమిని చేర్చగలదు. అందుచేతనే క్షౌరశాలలలో ప్రతివానికి క్రొత్త బ్లేడు వేయవలెనన్న నియమము వచ్చినది, అది మంచిదే. 1904లో జిల్లెట్టు పేటెంటు పొందిన పారవేయు బ్లేడు మొదలు పెట్టిన మార్పును ఆరోగ్యశాస్త్రము ముగించినది.

అయితే ఆ మార్పుతో మరుగుపడినది కత్తి మాత్రమే కాదు. రాతిపై వచ్చు చప్పుడు వినియే పదును చెప్పగల నాయీబ్రాహ్మణ వృత్తిదారుల నేర్పును మరుగుపడుచున్నది. వారి పొదిలో సానరాయి, తోలుపట్టా ఉండెడివి. అంకెలు లేవు, అచ్చుపుస్తకము లేదు. తండ్రి చేయి చూచి కొడుకు నేర్చుకొనిన విద్య అది. ఆ విద్యకు ఊరిచ్చిన గౌరవము స్వల్పము, కూలి అంతకన్న స్వల్పము.

కనుక క్రొత్తగా ఈ పనికి పూనుకొనువారు రాళ్లు కొనుటకు ముందు ఒక వృద్ధ వృత్తిదారుని వెదకుట యుక్తము. బిలాస్‌పూరులో నైనను, బొబ్బిలిలో నైనను అట్టివారు ఇంకను కొందరుందురు. వారి యెదుట శిష్యునివలె కూర్చుండి, ఎంత తీయవలెనో, ఎచ్చట ఆపవలెనో అడిగి తెలిసికొనవలెను. నల్లమచ్చలు కొన్ని మిగిలినను లోపము లేదు. పదును సరిగా నిలిచి, తరువాతివాడు మరల నూరుకొనుటకు చాలినంత ఉక్కు మిగిలినచో ఆ పని చక్కగా జరిగినట్లే.