గర్భము బేరపు సరుకు గాదు
(మింజూరు తెలుగువారి సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)

నేను వర్తకుడను, వైద్యుడను గాను, న్యాయవాదిని గాను. ఐనను ఇన్నేండ్లు తూచి అమ్ముచు నేర్చిన సంగతి యొకటి కలదు. అమ్మువానికి రేపటి కూటికి దిక్కులేనప్పుడు కుదిరిన ధరను న్యాయమైన ధర యనరాదు.

నేటి విషయము అద్దె గర్భము. ఇతర దంపతుల పిండమును తన గర్భమున మోసి, కని, వారికప్పగించుటయే ఈ పద్ధతి. చాలకాలము మన దేశమున దీనికి చట్టము లేకుండెను. 2008లో గుజరాతులోని ఆనందు పట్టణమున జపాను దంపతుల కొరకు ఒక స్త్రీ గర్భము మోయుచుండగనే ఆ దంపతులు విడిపోయిరి. పుట్టిన శిశువు వ్యవహారము సుప్రీంకోర్టు దాక పోయినది.

2021లో పార్లమెంటు చేసిన సరొగసి నియంత్రణ చట్టము 2022 జనవరి 25 నుండి అమలులోనున్నది. ధనము కొరకు గర్భము నద్దెకిచ్చుట నిషిద్ధము. మోయు స్త్రీ పెండ్లియై, స్వంత బిడ్డ కలిగి, 25–35 ఏండ్ల నడుమ నుండవలెను. జీవితమున ఒక్కమారే మోయవలెను. వైద్యవ్యయము, 36 నెలల బీమా ఆమెకు చెల్లవలెను. పిండమును గర్భమున నుంచుటకు పూర్వము ఆమె తన సమ్మతిని మరలించుకొనవచ్చును. వ్యాపారము చేసినవారికి పదేండ్ల వరకు కారాగారము, పది లక్షల వరకు జరిమానా.

ఐనను దళారి దుకాణము మూతపడలేదు. 2022 జూన్‌లో మన రాష్ట్రమందే, ఈరోడులో, 16 ఏండ్ల బాలికచేత ఆధారు కార్డులో వయస్సు పెంచి పలుమారులు అండములమ్మించిన సంగతి బయల్పడినది. కన్నతల్లియే నిందితులలో నొకతె. 2025 జూలైలో సికిందరాబాదున, ఒక సంతాన సాఫల్య కేంద్రమువారు పేదల శిశువును కొని, అద్దె గర్భమున పుట్టిన బిడ్డయని వేరొక దంపతులకు లక్షలు గొని ఇచ్చిరని పోలీసులు ఆరోపించిరి. డి.ఎన్.ఎ. పరీక్షయే గుట్టు విప్పినది.

నిషేధము వలన వ్యాపారము చాటునకు పోవును, ఆ స్త్రీకి దక్కు నాలుగు రూకలును పోవును అని కొందరందురు. తోసివేయదగిన మాట గాదు. తొమ్మిది నెలల కూలి పోగొట్టుకొనిన ఆమెకు పరిహారమేమి యని ప్రభుత్వమును మనమడుగవచ్చును. కాని ఆ లెక్క దళారి చేతికిచ్చినచో ఆమెకు మిగులునదేమి?

భాషా అల్పసంఖ్యాకులమైన మనకు ఈ చట్టమున ముఖ్యమైన మాట వేరొకటి కలదు. దుష్ఫలితములన్నియు ముందుగా తెలిపి, ఆమెకర్థమగు భాషలోనే లిఖితపూర్వకముగ సమ్మతి గొనవలెను. ఇంట తెలుగు మాటలాడుచు, తమిళముగాని ఇంగ్లీషుగాని చదువలేని ఆడపడుచులు మనలో కలరు. చదువలేని కాగితముపై వేసిన వ్రేలిముద్ర సమ్మతి యెట్లగును? “తెలుగున వ్రాసి ఇండు” అని అడుగు హక్కు ఆమెకు కలదు.

కావున మూడు మనవులు. ఎవరైన ఆసుపత్రి కాగితముపై సంతకము గోరినచో, ముందుగా సంఘమున చదువనేర్చినవారికి చూపుడు. రెండవది, అప్పులలో మునిగిన ఇల్లాండ్రకు వడ్డీలేని చేబదులిచ్చుటకు వర్తకులము ఒక నిధి నేర్పరచుదము. మొదటి చందా నాది. మూడవది, సంతానము లేని కోడలిని గొడ్రాలని ఎత్తిపొడుచుట మానుదము. ఆ మాట ఒక ఇంటిని, అప్పు మరియొక ఇంటిని, దళారి వాకిటికే త్రోయుచున్నవి.

నిధి విషయమును రాబోవు కార్యవర్గ సమావేశమున నిర్ణయింప ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.