చదువు కోసం, సమానత్వం కోసం కొట్లాడిన లాయర్: థాడియస్ స్టీవెన్స్

అమెరికాలో బానిసత్వం రద్దు అనగానే మనకి వెంటనే అబ్రహాం లింకన్ గుర్తొస్తాడు. 2012లో వచ్చిన 'లింకన్' సినిమా చూసుంటే, అందులో విగ్గు పెట్టుకుని, ఎవర్నీ లెక్కచేయకుండా మాట్లాడే ముసలాయన కూడా గుర్తుండే ఉంటాడు. ఆయనే థాడియస్ స్టీవెన్స్. ఈరోజు ఆయన కథ చెప్పుకుందాం.

1792లో వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్‌లో పుట్టారు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోతే, నలుగురు కొడుకుల్ని తల్లే పెంచింది. చదువయ్యాక పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో లాయర్‌గా ప్రాక్టీసు పెట్టారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. చారిటీ బట్లర్ అనే నల్లజాతి మహిళ స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కింది. ఆరు నెలలు ఆ రాష్ట్రంలో ఉంటే బానిసకి విముక్తి అని అప్పటి చట్టం. స్టీవెన్స్ యజమాని తరఫున నిలబడి, ఆ ఆరు నెలలు ఏకధాటిగా ఉండాలని వాదించి, 1821లో గెలిచారు. ఆమె, ఆమె పిల్లలు మళ్లీ బానిసత్వంలోకే!

కానీ ఆ తర్వాత ఆయన ఏం చేశారో చూడండి. 1835లో పన్ను భారమంటూ ఉచిత పాఠశాలల చట్టాన్ని రద్దు చేయబోతే, అసెంబ్లీలో ఒక్క ప్రసంగంతో సభ మనసు మార్చి దాన్ని నిలబెట్టారు. పారిపోయి వచ్చిన బానిసల తరఫున కోర్టుల్లో వాదించారు. అంతర్యుద్ధంలో, 1863లో, దక్షిణాది సైన్యం ఆయన ఇనుప కర్మాగారాన్ని తగలబెట్టేసింది. అయినా వెనక్కి తగ్గలేదు. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ కోసం, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చిన 14వ సవరణ కోసం కాంగ్రెస్‌లో గట్టిగా పోరాడారు. విముక్తులైన కుటుంబాలకి 40 ఎకరాల చొప్పున భూమి ఇవ్వాలన్నారు. అది మాత్రం నెగ్గలేదు.

1868 ఆగస్టు 11న కన్నుమూశారు. లాంకస్టర్‌లో పెద్ద శ్మశానాలు తెల్లవాళ్లకే పరిమితం. అందుకే అన్ని జాతుల వాళ్లనీ రానిచ్చే ఒక చిన్న శ్మశానాన్ని ముందే ఎంచుకున్నారు. ఆ కారణాన్ని తన సమాధి రాయి మీద కూడా రాయించుకున్నారు.

ఫ్రెండ్స్, ఈ పనులన్నీ చేసినా చారిటీ బట్లర్‌కి పోయిన స్వేచ్ఛ మాత్రం తిరిగి రాలేదు. ఆయన గొప్పతనంతో పాటు ఆమె పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. మనిషిని దేన్ని బట్టి కొలవాలి? చేసిన తప్పుని బట్టా, తర్వాత నడిచిన దారిని బట్టా? మీరేమంటారో కామెంట్లో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!