నోరులేని జీవుల బడి



ఒక జీవి మరియొక జీవిని చూచి నేర్చుకొనుననగానే మనకు కన్నే జ్ఞాపకమునకు వచ్చును. కాని తేనెపట్టులోపల చీకటి. అక్కడ పువ్వుల జాడ తెలుపుచు నాట్యమాడు ఈగను తక్కిన ఈగలు మీసములతో తాకుచు అనుసరించును. ఆ నాట్యపు అర్థమును విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానము లభించెను.

మన గాదెలకు శత్రువైన ఎలుక ముక్కుతో నేర్చుకొనును. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయములో బెన్నెట్ గాలెఫ్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఎలుకకు కోకో కలిపిన మేత, వేరొక దానికి దాల్చినచెక్క కలిపిన మేత పెట్టెను. తరువాత వాటిలో ఒకదానితో మరియొక ఎలుకను కొంతసేపు ఉంచెను. తోటి ఎలుక తినుట అది చూడనేలేదు. అయినను రెండు మేతలు ఎదుట పెట్టినప్పుడు తోటిది తిన్న మేతనే ఎక్కువగా కోరుకొనెను. 1983లో ఇది ప్రచురింపబడెను. ఎలుక ఊపిరిలో కార్బన్ డైసల్ఫైడ్ అను వాయువు కొద్దిగా ఉండును. దానితో కలిసిన మేత వాసనయే ఈ పాఠమని 1988లో తేలెను. విచిత్రమేమనగా, జబ్బుపడిన ఎలుక నోట వాసన చూచినను ఆ మేతను విడిచిపెట్టుట అవి నేర్చుకొనలేదు! బహు తెలివిగలదని మనము తిట్టుకొను ఎలుక కూడ ఇక్కడ తప్పిపోవుచున్నది.

ఇక కంటి సంగతి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో సూసన్ మినెకా, మైకేల్ కుక్ మొదలగువారు కోతులను పరీక్షించిరి. అడవిలో పుట్టిన కోతులకు పామనిన హడలు. ప్రయోగశాలలో పెరిగిన పిల్లలకు ఆ భయము లేదు. తలిదండ్రులు పామును చూచి బెదరుట కొలది నిమిషములు చూచినంతనే చాల పిల్లలకు ఆ భయము పట్టుకొనెను. మూడు నెలల తరువాత పరీక్షించినను పోలేదు. బల్లిని చూచి కేకవేయు మనము, ప్రక్కనున్న పసివాని కన్నులు ఎటు చూచుచున్నవో గమనించుచున్నామా? అయితే కోతి పువ్వును చూచి బెదరినట్లు వీడియో కూర్చి చూపినప్పుడు పిల్లలు పువ్వులకు భయపడుట నేర్చుకొనలేదు. చూచినదెల్ల అంటుకొనదన్నమాట.

అదే పరిశోధకులు 1986లో మరియొక సంగతి ప్రకటించిరి. పాము ఎదుట నిబ్బరముగానున్న కోతిని ముందుగా చూచిన పిల్లలలో ఎక్కువ భాగము, తరువాత బెదరిన కోతిని చూచినను ఆ భయమును నేర్చుకొనలేదు.