నడుమ నిలిచిన డిగ్రీ చదువు – క్రెడిట్ల బదిలీ

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



డిగ్రీ చదువుచున్న పిల్ల పెండ్లియై అత్తవారింటికి పోయినప్పుడు గాని, తండ్రికి జబ్బుచేసి కొడుకు సేద్యము చూచుకొనవలసి వచ్చినప్పుడు గాని గ్రామములందు వినబడు మాట ఒకటి కలదు: “రెండేండ్ల చదువు మట్టిపాలయినది.” ఈ మాట చిరకాలము నిజమే. నేడది సగము మాత్రమే నిజము. మిగిలిన సగమును గూర్చియే ఈ ప్రసంగము.

పూర్వపు సంగతి కొంత చెప్పవలెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట కోస్తా, రాయలసీమ జిల్లాల విద్యార్థులు దాని పరీక్షలకే కూర్చుండెడివారు. 1918లో హైదరాబాదున ఉస్మానియా, 1926లో ఆంధ్ర, 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములు వెలసినవి. తన పాఠ్యప్రణాళిక, తన పరీక్ష, తన పట్టా గల కోటవంటిది ఒక్కొక్కటి. ఒకదాని నుండి మరియొకదానికి పోవు విద్యార్థికి మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చెడివారు. ఆ కాగితము మనిషిని గోడ దాటించెడిదే కాని, అతడు నేర్చినదానిని దాటించెడిది కాదు. చదువునకు కొలత సంవత్సరము. సంవత్సరమును ముక్కలు చేయ వీలులేదు గనుక, క్రొత్తచోట సాధారణముగా మరల మొదటి సంవత్సరమున చేరవలసినదే.

ఇప్పటి కొలత క్రెడిట్. ఇది అమెరికాలో పెరిగిన పద్ధతి. 1869లో హార్వర్డు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్, విద్యార్థులు తమకు నచ్చిన విషయములను ఎన్నుకొను ఏర్పాటును విస్తరింపజేసెను. అందరును ఒకే పాఠము చదువనప్పుడు ఎవరెంత చదివిరో లెక్కించుటకు ఒక ప్రమాణము కావలసివచ్చినది. 1905లో ఆండ్రూ కార్నెగీ ధనముతో కళాశాలాధ్యాపకుల పింఛనుల కొరకు ఒక సంస్థ ఏర్పడెను. తమ అధ్యాపకులకు ఆ పింఛను కావలెనన్న కళాశాలలు, చేరవచ్చు విద్యార్థి హైస్కూలు చదువును గంటల లెక్కన కొలిచి చేర్చుకొనవలెనని ఆ సంస్థ నియమము పెట్టినది. ముసలి పంతుళ్ల పింఛనులతో బలపడిన ఈ లెక్క నేడు తెలుగు పల్లెల పిల్లల మార్కుల జాబితాలలోనికి వచ్చుట చిత్రమే.

2022 డిసెంబరులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ప్రకటించిన ప్రణాళికలో ఈ కొలత స్పష్టముగా నున్నది. వారమునకు ఒక గంట చొప్పున 15 వారముల బోధన ఒక క్రెడిట్. ప్రయోగశాలలో నైనచో వారమునకు రెండు గంటలు. మొదటి సంవత్సరమున 40 క్రెడిట్లు సంపాదించి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తివిద్య ముగించి మానినవారికి సర్టిఫికెట్. రెండేండ్లకు 80 క్రెడిట్లతో, అట్టి వృత్తివిద్యతో డిప్లొమా. 120కి మూడేండ్ల పట్టా. 160కి నాలుగేండ్ల ఆనర్సు. మానినవారు మూడేండ్లలోగా తిరిగి చేరి, మొత్తము ఏడేండ్లలో పట్టా పూర్తిచేసికొనవచ్చునని కూడ అందు కలదు.

ఈ క్రెడిట్లు దాచు చోటునకు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని పేరు. దాని నిబంధనలు 2021 జూలైలో వెలువడినవి. బ్యాంకనగానే డబ్బని పొరపడరాదు. ఒక గ్రంథాలయమున ధరావతు కట్టిన చందాదారుడు పొరుగూరికి కాపురము మారెననుకొందురు గాక. ఆ ఊరి గ్రంథాలయము పాత రసీదును చూచి పుస్తకమీయదు. రెండు గ్రంథాలయములకును ఉమ్మడి లెక్కపుస్తకమున్న నాడే అది సాధ్యము. విశ్వవిద్యాలయముల నడుమ అట్టి లెక్కపుస్తకమే ఈ బ్యాంకు. విద్యార్థికి 12 అంకెల సంఖ్య ఒకటి ఇత్తురు. అయితే ఇందులో జమ వేయువాడు విద్యార్థి కాదు, కళాశాల. కళాశాల గుమాస్తా వేయకున్న ఖాతా ఉండియు సున్నయే. 2021 నిబంధనల ప్రకారము జమయైన క్రెడిట్లు గరిష్ఠముగా ఏడేండ్లు చెల్లును. పట్టా నిచ్చు సంస్థలో కనీసము సగము క్రెడిట్లు సంపాదింపవలెను. అనగా మూడువంతుల చదువు ఒకచోట ముగించి, నాలుగవ వంతునకు మాత్రమే పేరుగల విశ్వవిద్యాలయమునకు పోయి దాని పట్టా పొందుదమనుట కుదరదు.

ఇక దరఖాస్తు. తెలంగాణలో 2016 నుండి ‘దోస్త్’ ద్వారమునను, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుండి ఉన్నత విద్యామండలి వారి ఆన్‌లైన్ పద్ధతిలోను డిగ్రీ ప్రవేశములు జరుగుచు వచ్చినవి. కళాశాలల పేర్లను విద్యార్థి ఏ వరుసలో కోరునో ఆ వరుసయే అతని భవిష్యత్తును చాలవరకు నిర్ణయించును. ఇంటర్నెట్ దుకాణమువాడు తొందరలో నింపిన వరుస వలన, బస్సులేని ఊరి కళాశాలలో సీటు వచ్చి చదువు మానిన ఆడపిల్లలు గలరు. దరఖాస్తులో ఆ దుకాణపువాని ఫోను నంబరే వేయించుకొని, రహస్య సంఖ్య అతనికి పోవగా, సీటు వచ్చిన సంగతి గడువు దాటిన పిమ్మట తెలిసికొనువారును గలరు. ఇంతకన్న చిన్న కారణమునకు ఇంతకన్న పెద్ద నష్టము ఉండబోదు.

ఆన్‌లైన్ ద్వారము ముఖ్యముగా క్రొత్తగా చేరువారిది. నడుమ చేరదలచినవారు ఏ విశ్వవిద్యాలయమున చేరదలచిరో దానినే నేరుగ అడుగవలెను. ఇచ్చట అసలు చిక్కున్నది. బ్యాంకులో 80 క్రెడిట్లున్నంత మాత్రమున సీటు రాదు. సీటు ఖాళీ ఉండవలెను. పాత పాఠములు క్రొత్త పాఠములకు సమానమని చేర్చుకొను విశ్వవిద్యాలయము ఒప్పుకొనవలెను. వాణిజ్యశాస్త్రమున అకౌంటెన్సీకి అకౌంటెన్సీ సులువుగనే సరిపడును. కాని పేరొకటియై పాఠము వేరైనచో, పాఠ్యప్రణాళిక చూపిననే గాని సమానత తేలదు. ఫీజు కట్టిన పిమ్మట ఈ ప్రశ్న అడుగువారు పలువురు. ఫీజుకు ముందే, ఏ క్రెడిట్లు చెల్లునో, ఏవి చెల్లవో వ్రాతమూలకముగా పొందవలెను. నోటిమాటను నమ్మరాదు. చట్టము తలుపు తెరచినది కాని, కొన్ని కార్యాలయములందలి అలవాటు ఇంకను గడియ వేసియే యున్నది.

మరియొక చిక్కు తెలుగువారికి ప్రత్యేకమైనది. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక అక్షరముగా నుండును. ఆధార్ కార్డులో పూర్తిగా నుండును. పెండ్లియైన పిమ్మట అత్తవారి ఇంటిపేరు వచ్చి చేరును. మనిషి ఒకతెయే, కాగితముల ప్రకారము ముగ్గురు. పేరు కలియనిచో ఖాతా తెరచుటయే కష్టము. కావున పెండ్లి నిశ్చయమైన ఇంట, చదువుచున్న పిల్ల ఆధార్ పేరును పదవ తరగతి పేరుతో సరిచేయించి, చదువు ముగియువరకు మార్పకుండుట మేలు. వియ్యంకులు దీనిని తమ ఇంటిపేరునకు అగౌరవమని తలపనక్కరలేదు.

ఊరు విడువలేనివారికి వేరొక దారి కలదు. హైదరాబాదున 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశములో మొదటిది. 1991 నుండి అది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్నది. ఇంటనుండి చదువవచ్చును. 2017లో ఆరంభమైన ‘స్వయం’ పాఠములను కూడ, 2021 నిబంధనల మేరకు, ఒక కోర్సులో సెమిస్టరుకు నూటికి 40 వంతుల వరకు తమ పాఠములకు బదులుగా విశ్వవిద్యాలయములు అంగీకరింపవచ్చును. అంగీకరింపవచ్చును అనియే గాని, అంగీకరించి తీరవలెనని కాదు.

చదువు ఆపకతప్పని విద్యార్థి కళాశాల గడప దాటుటకు ముందే కొన్ని కాగితములు చేతబట్టవలెను: ప్రతి సెమిస్టరు మార్కుల జాబితా, బదిలీ పత్రము, మైగ్రేషన్ సర్టిఫికెట్, క్రెడిట్లు ఖాతాలో జమయైనట్లు చూచుకొన్న ప్రతి. వీని యన్నింటికన్న దొరకుట కష్టమైనది ఆ సంవత్సరపు పాఠ్యప్రణాళిక. అయిదేండ్ల తరువాత పోయి అడిగిన, ఆ పుస్తకము కళాశాలలోనే యుండదు; గుమాస్తా మారియుండును, ప్రణాళికయు మారియుండును. సమానత తేల్చువారు అడుగునది మాత్రము దానినే.

పాత పుస్తకమును పారవేయక దాచుట గ్రంథాలయముల కులవృత్తి. జిల్లా విద్యార్థులు చేరు విశ్వవిద్యాలయముల డిగ్రీ పాఠ్యప్రణాళికలను ఏటేట ఒక్కొక్క ప్రతి అచ్చు తీయించి, సంవత్సరము వేసి, ఈ గ్రంథాలయపు బీరువాలో ఒక అరయందుంచుటకు అగు ఖర్చు స్వల్పము. కార్యవర్గమువారు రజతోత్సవ నిధిలో మిగిలిన సొమ్ము నుండి దీనిని ఈ జూన్ నెలలోనే ఆరంభింపవచ్చును.