మాష్టారి కారు తలుపు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు ముందు మాట్లాడినవారు డాక్టర్లు, ఇంజినీర్లు. నేను అమలాపురంలో పాత కార్లకు టింకరింగ్ చేసుకునేవాణ్ణి. నాకు తెలిసిన విషయం తలుపులు, అదే చెబుతాను. అందులో నేను ఈ సభలో ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటుంది.

మన లెక్కల మాష్టారి అంబాసిడర్ మీకందరికీ గుర్తే. కోటిపల్లి రేవులో దాన్ని పంటి మీదికి నెట్టినవాళ్ళు ఈ హాల్లో పదిమందైనా ఉంటారు. నేను కొత్తగా షెడ్డు పెట్టిన రోజుల్లో మాష్టారు ఆ కారు తెచ్చారు. ముందు ఎడమ తలుపు కిందికి జారింది, ఎత్తి వేస్తేగానీ పడటం లేదు. నేనేం చేశాను? స్తంభం మీదున్న లాకు ప్లేటు వదులు చేసి, తలుపు ఎంత జారిందో అంత కిందికి దించి బిగించేశాను. పది నిమిషాల పని. తలుపు ఒక్క తోపుకి పడింది. డబ్బులు కూడా తీసుకున్నాను.

మూడు వారాలకి, పి.గన్నవరం వైపు కాలువ గట్టు మీద మలుపులో ఆ తలుపు తెరుచుకుంది. ఆ సీట్లో ఉన్నది అమ్మగారు. బెల్టులు లేని రోజులు. మాష్టారు చెయ్యి పట్టి లాగారు కాబట్టి సరిపోయింది. మర్నాడు కారు తెచ్చి, "ఒరేయ్, సరూప త్రిభుజాలు నీకు చెప్పానా లేదా?" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేదండి.

ఆ త్రిభుజాల సంగతి అప్పుడర్థమైంది. రెండు మడతబందుల మధ్య ఎత్తు 1 అడుగు, తలుపు వెడల్పు 3 అడుగులు అనుకోండి. పై మడతబందులో 1 మిల్లీమీటరు అరుగుదల వస్తే హ్యాండిల్ అంచు 3 మిల్లీమీటర్లు జారుతుంది. మనకు కనబడేది లాకు దగ్గర, జబ్బు ఉండేది ఆ చివర. నేను ప్లేటు దించాను గానీ అరుగుదల ఆపలేదు. తలుపు ఇంకా జారింది, లాకు సగమే పట్టింది, కుదుపుకి వదిలేసింది.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఇలా చూడండి. తలుపు జానెడు తీసి, అంచు కింద చేతులు పెట్టి మెల్లగా పైకెత్తండి. ఇంకొకరు మడతబందు దగ్గర కన్నేసి ఉంచాలి. పిన్ను దగ్గర టకటకలాడితే పిన్ను, బుష్షు అరిగినట్టు. మడతబందు స్తంభం రేకుతో సహా కదిలితే రేకు చివికినట్టు. ఏదీ కదలకుండానే తలుపు కిందికి ఉంటే బోల్టులు జారాయి, లేదా మడతబందు వంగింది. మధ్యలో చెక్కముక్క పెట్టి తలుపు నొక్కి సరిచేసేవాళ్ళున్నారు. వంగినదానికి అది పనికొస్తుంది. అరిగిన పిన్నుకి ఆ వైద్యం చేస్తే రేకు చిరుగుతుంది.

అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి, జీపులాగా దానికి విడిగా ఛాసిస్ లేదు. కింది సిల్లు చివికితే తలుపును మోసే స్తంభమే వాలుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు ముందు సిల్లే చూస్తాను. అద్దం పక్కనుంచి దిగిన వాననీళ్ళు తలుపు అడుగు చిల్లుల్లోంచి పోవాలి. అవి మట్టితో, కొబ్బరి పీచుతో పూడుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి తలుపు బరువెక్కుతుంది, తుప్పూ పడుతుంది. అగ్గిపుల్లతో అయ్యే పనండి అది. పైగా మనవాళ్ళు దిగేటప్పుడు తలుపునే చేతికర్ర చేసుకుని లేస్తారు!

నెల కిందట మాష్టారు ఫోన్ చేశారు. పిల్లలు కారును తుక్కుకి ఇచ్చేద్దామంటున్నారట. "ఈ సభకి దాన్లోనే రావాలనుందిరా" అన్నారు. 2014లో ఉత్తరపారలో తయారీ ఆగిపోయాక ఈ బండి సామాన్లు వెతుక్కోవాల్సిందే. పిన్నులు లేతు మీద తిప్పించాను, ఇత్తడి బుష్షులు వేయించాను. ముందు లాకు ప్లేటు విప్పేశాను, అది ఉంటే తలుపు అసలు ఎక్కడ వేలాడుతోందో తెలియదు. మడతబందు చుట్టూ సూదితో గీత గీసుకున్నాను. జాకీ మీద చెక్క, గోనె వేసి తలుపును నిలబెట్టి, ఒక మడతబందు పూర్తయ్యాకే రెండోది ముట్టుకున్నాను. సందు చుట్టూ సమంగా వచ్చాక, అన్నిటికంటే చివర ప్లేటు బిగించాను. రెండు రోజులు పట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు, మాష్టారికి కోపం కూడా వచ్చింది.

కారు బయట చెట్టు కింద ఉంది. వెళ్ళేటప్పుడు ఆ ఎడమ తలుపు ఒకసారి తీసి వేసి చూడండి. అమ్మగారు మళ్ళీ ఆ సీట్లోనే వచ్చారు. దారి పొడుగునా హ్యాండిల్ వదల్లేదని మాష్టారు ఇందాక చెప్పారు.